తీర సఫారీకి ఎటు వెళ్లాలి: పులికాట్, కోరంగి, చిలికా, భితర్‌కనిక

సంక్రాంతి సెలవులు దగ్గర పడేకొద్దీ బంధువుల నుంచి, స్నేహితుల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. పిల్లలు సముద్రంలో ఆడుకోవాలి, పడవ ఎక్కాలి, పక్షులనో జంతువులనో కళ్లారా చూడాలి, వెంట తెలిసిన గైడు ఉండాలి. చేతిలో ఉన్నవి రెండు మూడు రోజులు. ఎక్కడికి వెళ్లమంటావు?

నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న ఊరి గురించి కాదు, నెల గురించి. సముద్రం పన్నెండు నెలలూ అక్కడే ఉంటుంది. పక్షులు, తాబేళ్లు, మొసళ్లు మాత్రం తమ లెక్క ప్రకారమే కనిపిస్తాయి. అందుకే ముందు ఏ ప్రాణిని చూడాలో తేల్చుకుని, అది కనిపించే కాలాన్ని పట్టుకుని, ఆ తరువాత ఊరు, చివరిగా బీచ్ ఎంచుకోవాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. మంచి గది దొరికిన బీచ్ చూసుకుని, దగ్గరలో ఏ అభయారణ్యం ఉందో తరువాత వెతుకుతారు. అలా వెళ్లినవారే ఖాళీ నీళ్లు చూసి తిరిగొచ్చామని చెబుతారు.

తూర్పు తీరం వరకు కాలం లెక్క ఇలా ఉంటుంది. వలస పక్షులకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. మొసళ్లు గట్టు మీద ఎండ కాగుతూ కనిపించడానికి డిసెంబరు, జనవరి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావడం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో. వాటి పిల్లలు సముద్రంలోకి వెళ్లేది ఆ తరువాత నెలన్నర దాటాక. ఒడిశాలోని భితర్‌కనిక మడ అడవిలో మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని సాధారణంగా మే 1 నుంచి జూలై 31 వరకు పర్యాటకులను రానివ్వరు. బంగాళాఖాతంలో తుపానుల బెడద అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు ఉన్న పది వారాలే అన్నిటికన్నా మంచి కాలం.

ఒకే ఒడ్డున రెండూ దొరకవు

ఆటలకు పనికొచ్చే బీచ్, ప్రాణులు ఉండే తీరం సాధారణంగా ఒకటి కావు. తాబేలు గుడ్లు పెట్టాలంటే ఒడ్డు చీకటిగా, నిర్మానుష్యంగా ఉండాలి. దీపాలు, దుకాణాలు, కుక్కలు ఉన్నచోట గుడ్లు నిలవవు, నిలిచినా పిల్లలు వెలుగు వైపు తిరిగి దారి తప్పుతాయి. మనం ఆడుకునే బీచ్‌లో అవన్నీ ఉంటాయి, జనం ఉండే చోట ఉండాలి కూడా. కాబట్టి ‘బీచ్ సఫారీ’ అని ఒకే చోట రెండూ చూపిస్తామనే ప్యాకేజీని నేను నమ్మను. ఒకసారి నమ్మి వెళ్లాను. ఉదయమంతా బస చేసిన చోట ఆటలు ఆడించి, మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు పడవ ఎక్కించారు. అది పోటు సమయం, బురద గట్లన్నీ నీళ్ల కింద ఉన్నాయి. పక్షి వాలడానికి జానెడు చోటు లేదు. రెండు గంటలు తిరిగి మూడు నీటికాకులను చూసి వచ్చాం. ఆటు ఎప్పుడో ఆ ప్యాకేజీ అమ్మినవారికి తెలియదు. అది అడగాలని నాకూ అప్పుడు తెలియదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. తెల్లవారుజామున ప్రాణుల కోసం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం బీచ్. రెండు చోట్ల మధ్య గంట, రెండు గంటల ప్రయాణం ఉన్నా పరవాలేదు.

పులికాట్: పడవ ఎక్కలేనివారికి

ఇంట్లో పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే ఆలోచించకుండా పులికాట్ అంటాను. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. మంచి వానలు పడిన ఏడాది జనవరిలో ఆ రోడ్డు పక్కన కారు ఆపి, దిగకుండానే వందల ఫ్లెమింగోలను చూడవచ్చు. పడవ అక్కర్లేదు, నడక అక్కర్లేదు.

వెళ్లినవారు ఫొటో తీసుకుని వెంటనే బయలుదేరతారు. ఒక్క పావుగంట ఆగండి. బైనాక్యులర్‌తో ఒకే పక్షిని పట్టుకుని చూడండి. అది తలను పూర్తిగా తలకిందులు చేసి ముక్కును నీటిలో ముంచుతుంది. కాళ్లతో ఒకే చోట తొక్కుతూ అడుగు బురదను లేపుతుంది. ఆ కలిసిన నీటిని ముక్కులోకి లాగి, వడగట్టి, మిగిలిన నీటిని వదిలేస్తుంది. దాని ముక్కే ఒక జల్లెడ. అలా వడగట్టి తిన్న ఆహారంలోని రంగు పదార్థాల వల్లే రెక్కలకు గులాబి రంగు వస్తుంది. గుంపులో బూడిదరంగుగా కనిపించేవి ఇంకా ఆ రంగు పట్టని పిల్ల పక్షులు. ఈ సంగతి చెబితే పిల్లలు గుంపులో బూడిదరంగు పక్షులను లెక్కపెట్టడం మొదలుపెడతారు, ఇక వారిని కదిలించడం కష్టం.

దగ్గరలోనే నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వెనకటి రోజుల్లో పొలాలకు గూడతో నీళ్లు తోడడం చూసినవారికి, గూడబాతు కింది ముక్కు సంచితో నీటిని ఎత్తే తీరు ఇట్టే పోల్చుకోవచ్చు. పిల్ల పక్షి ఆ సంచిలోకి తల మొత్తం దూర్చి మేత తింటుంది. పక్షుల రెట్టలు పడిన చెరువు నీరు పొలాలకు బలమని నేలపట్టు రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. అక్కడి కాపలా ఉద్యోగితోనో ఊరివారితోనో కాస్త మాట్లాడితే గైడుకు ఏమాత్రం తీసిపోని సమాచారం దొరుకుతుంది.

లోటు ఏమిటంటే బీచ్. శ్రీహరికోట తీరం అంతరిక్ష కేంద్రం పరిధిలో ఉంది కనుక అక్కడికి వెళ్లనివ్వరు. తూపిలిపాళెం, మైపాడు తీరాలు ఉన్నాయి, సాయంత్రం కూర్చోవడానికి బాగుంటాయి. నీటి ఆటలు కావాలంటే మాత్రం ఇది మీ చోటు కాదు. పడవ సరదా తీరాలంటే తడ దగ్గర భీములవారిపాళెం వెళ్లవచ్చు. ఫ్లెమింగో పండుగ రోజుల్లో సూళ్లూరుపేట కిటకిటలాడుతుంది. పిల్లలకు సందడి కావాలంటే ఆ రోజులే చూసుకోండి, పక్షులే కావాలంటే ఆ వారం వదిలేయండి.

కోరంగి: అడవిని చదవాలనుకునేవారికి

కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవి ఇది. 1978లో అభయారణ్యం అయింది, విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ బావురు పిల్లి ఉంది, నీటికుక్కలు ఉన్నాయి, నక్కలు ఉన్నాయి. కానీ బావురు పిల్లిని చూపిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. అది రాత్రి తిరిగే జంతువు, చేపల కోసం కాలువ గట్ల వెంట ఒంటరిగా పోతుంది. బురదలో దాని అడుగుజాడ కనిపించినా అదృష్టమే.

కోరంగిలో చూడవలసినవి చిన్నవి. చెక్క వంతెన మీద పది అడుగులు వేసి కిందకు వంగి చూడండి. ఆటు సమయంలో బురదంతా కదులుతూ ఉంటుంది. బొటనవేలంత చేపలు నీళ్లు వదిలి బురద మీద గెంతుతుంటాయి, ముందు రెక్కలనే చేతుల్లా ఊతం చేసుకుంటాయి. ఒక డెక్క చిన్నదిగా, మరొకటి ఒంటికి మించినంత పెద్దదిగా ఉన్న మగ పీత, ఆ పెద్ద డెక్కను పైకి కిందికి ఊపుతూ ఆడ పీతను పిలుస్తుంటుంది. నేల నిండా మేకులు గుచ్చినట్టు నిలబడి ఉన్నవి మడ చెట్ల ఊపిరి వేళ్లు. బురదలో గాలి ఆడదు కనుక వేళ్లే పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. మీ నీడ పడగానే పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి మాయమవుతాయి. కదలకుండా నిలబడితే కాసేపటికి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి.

పడవలో కాలువ వెంట లోపలికి వెళితే అడవి పరిమాణం తెలుస్తుంది. సముద్రం వైపు కాకినాడకు అడ్డుగోడలా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉంది. 1839 నవంబరులో వచ్చిన తుపాను అల కోరంగి రేవును నాశనం చేసింది. ఆ సంగతి తెలిసి చూస్తే ఈ దిబ్బ, ఈ చెట్లు వెనకనున్న ఊళ్లకు ఏమి చేస్తున్నాయో అర్థమవుతుంది. హోప్ ఐలాండ్ మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి కనుక అక్కడ దిగడానికి ఎప్పుడు అనుమతి ఉంటుందో ముందే అటవీ శాఖను అడగండి. నీళ్లు బాగా తీసినప్పుడు కాలువల్లోకి పడవలు పోవు. అందుచేత ఆటు నడకకు, పోటు పడవకు అని గుర్తు పెట్టుకోండి.

కాకినాడ, ఉప్పాడ తీరం కోతకు గురవుతున్న తీరం. అల రోడ్డు మీదికి వచ్చి పడే చోట పిల్లలను నీటిలోకి దించవద్దు. నీటి ఆటలు తప్పనిసరి అయితే కోరంగిని ఒక పూట చూసి విశాఖ వెళ్లిపోండి. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. అక్కడ సర్ఫింగ్, కయాకింగ్, స్కూబా నేర్పేవారు ఉన్నారు. మన రాష్ట్రంలోనే మూడు రోజుల్లో రెండు ముచ్చట్లూ తీరాలంటే నేను చెప్పే జోడి ఇదే.

చిలికా: ఒకటి కాదు, రెండు

నన్ను ఒక్క చోటే ఎంచుకోమంటే చిలికా అంటాను, అందులోనూ మంగళాజోడి అంటాను.

చిలికాకు వెళ్తున్నాం అనేవారిలో ఎక్కువమంది నిజానికి సరస్సు ఒడ్డునున్న సాతపడ వెళ్తున్నారు. పూరీకి దగ్గర, దాదాపు 50 కిలోమీటర్లు. ఇరావడి డాల్ఫిన్లు అక్కడ కనిపిస్తాయి. గుండ్రటి తల, ముందుకు సాగని ముక్కు, చిన్న వీపు రెక్క. ఇవి టీవీలో చూసే డాల్ఫిన్లలా గాలిలోకి ఎగిరి పల్టీలు కొట్టవు. ఒక బూడిదరంగు వీపు నీటి పైకి వచ్చి, ఉఫ్‌మని ఊపిరి వదిలి మునిగిపోతుంది, అంతే. ఇది ముందే పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి. ఆ ఊపిరి చప్పుడు వినాలంటే ఇంజిన్ ఆగి ఉండాలి. సరస్సు మొత్తంలో ఉన్నవే రెండు వందల లోపు. అయిదారు మర పడవలు ఒక్క డాల్ఫిన్ చుట్టూ మూగడం నేను చూశాను. అది ఆ ప్రాణిని తరమడమే. మీ పడవ ఎక్కేముందే చెప్పండి: కనీసం యాభై మీటర్ల దూరంలో ఇంజిన్ ఆపాలి, దగ్గరికి తీసుకెళితే అదనంగా ఇస్తామని మేము అనము, మీరూ తీసుకెళ్లవద్దు. ఈ మాట చెబితే పడవవాళ్లు సంతోషంగానే వింటారు. ఎందుకంటే తరమమని తొందరపెట్టేది ఎప్పుడూ మనమే.

మంగళాజోడి సరస్సుకు ఉత్తరపు అంచున ఉన్న చిత్తడి నేల. ఒకప్పుడు ఆ ఊళ్లో పక్షులను వేటాడి అమ్మేవారు. వారే వేట మానేసి, సంఘంగా ఏర్పడి, కాపలాదారులయ్యారు. ఇప్పుడు పడవ నడుపుతూ పక్షుల పేర్లు చెప్పేవారిలో ఆ పాత వేటగాళ్లు, వారి పిల్లలు ఉన్నారు. వేటాడిన కన్ను కనుక పక్షి ఎక్కడ నక్కి ఉందో వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

అక్కడి పడవకు ఇంజిన్ ఉండదు. వెనక నిలబడిన మనిషి పొడవాటి గెడను బురదలో దించి, దాని మీద ఒళ్లంతా వాల్చి నెడతాడు. గెడ పైకి తీసినప్పుడు కారే నీటి చుక్కల చప్పుడు తప్ప మరేమీ ఉండదు. ఆ నిశ్శబ్దం వల్ల పక్షులు లేచిపోవు. సూదితోక బాతులు, గాడ్విట్లు, ఊదారంగు నీటికోళ్లు, ఆకుల మీద నడిచే తామరకోళ్లు రెండు మూడు పడవల దూరంలో తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. ఒక జనవరి ఉదయం మా పడవ నడిపినాయన ఉన్నట్టుండి గెడ ఆపి, వేలు పెదవి మీద పెట్టుకుని, రెల్లు గడ్డి వైపు చూపించాడు. నాకు గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. చాలాసేపటికి ఆ గడ్డిలో ఒక గడ్డిపోచ తల తిప్పింది. అది కొంగ జాతి పక్షి, మెడ నిలువునా చాచి గడ్డితో కలిసిపోయి నిలబడింది. గైడుకు ఇచ్చే డబ్బు దేనికో నాకు ఆ రోజు అర్థమైంది.

అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చిలికా 1981లోనే చేరింది. పూడికతో దెబ్బతిన్న ఈ సరస్సుకు 2000లో సముద్రంలోకి కొత్త మొగ తవ్వాక ఉప్పదనం, చేపలు మళ్లీ కోలుకున్నాయి. ఈ సంగతి తెలిస్తే సాతపడ నుంచి మొగ వైపు వెళ్లే పడవ ప్రయాణం ఉత్త షికారుగా మిగలదు.

బీచ్‌కు పూరీ ఉంది. అక్కడి గోల్డెన్ బీచ్‌కు కూడా 2020లోనే బ్లూ ఫ్లాగ్ వచ్చింది. పూరీ ఒడ్డున శంకువు ఆకారపు టోపీ పెట్టుకుని స్నానాలు చేయించే నోలియాలు మన తెలుగు మత్స్యకారులే, తరతరాల క్రితం అటు వెళ్లి స్థిరపడ్డారు. తెలుగులో పలకరించండి. ఆ రోజు అల తీరు ఎలా ఉందో, ఎక్కడ దిగకూడదో మీ భాషలోనే చెబుతారు.

భితర్‌కనిక: మూడు రోజులు ఉంటేనే

ఉప్పునీటి మొసలిని దాని ఇంట్లో చూడాలంటే భితర్‌కనికకు సాటి లేదు. 1975లో సంరక్షణ మొదలుపెట్టినప్పుడు వందకు లోపు లెక్కతేలిన మొసళ్లు ఇప్పుడు 1,800 దాటాయి. చలి ఉదయాల్లో, ఆటు సమయంలో, అవి బురద గట్టు మీద నోరు తెరిచి పడుకుని ఉంటాయి. కొట్టుకొచ్చిన దుంగ అనుకుని చూపు తిప్పుకుంటాం. పడవ దగ్గరయ్యేసరికి ఆ దుంగ చప్పుడు లేకుండా నీటిలోకి జారుతుంది. ఆ తరువాత నీటి మీద కళ్లు, ముక్కు మాత్రమే మిగులుతాయి. అంత పెద్ద ఒళ్లు అంత నిశ్శబ్దంగా మాయం కావడం చూసినవారు ఇక పడవ అంచు బయటికి చెయ్యి పెట్టరు.

పిల్లలను తీసుకెళ్లేవారు ఆలోచించవలసింది అదే. ఇక్కడ నీటిలో దిగడం, కాళ్లు ఆడించడం, ఆటలు ఏవీ లేవు. పడవలో గంటల తరబడి కూర్చోవాలి. పదేళ్లు దాటిన, చూడాలనే పట్టుదల ఉన్న పిల్లలైతే జీవితాంతం గుర్తుంచుకుంటారు. నాలుగేళ్ల పాపకు అది శిక్ష. భద్రక్‌లో రైలు దిగి చాంద్‌బాలి మీదుగా వెళ్లవచ్చు. రానుపోను ప్రయాణం పోగా లోపల కనీసం ఒక రాత్రి ఉండాలి. డాంగమాల్‌లో అటవీ శాఖ బస ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. ఆ రాత్రి ఉంటేనే మరునాడు తొలి పడవ మీది అవుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ప్యాకేజీలో మొసళ్లు ఎండ కాగే మంచి సమయమంతా రోడ్డు మీదే గడిచిపోతుంది.

తాబేళ్ల గురించి ఒక మాట

ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది మొగ దగ్గర లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకు వస్తాయని విని, దాని కోసమే టికెట్లు కొనాలనుకునేవారు ఉన్నారు. అది ఏ రాత్రి జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొన్ని ఏళ్లు అసలు జరగదు. అందువల్ల దాని మీద ప్రయాణం కట్టుకోవద్దు. ఫిబ్రవరి చివర చిలికా వెళ్తే, గంజాం వైపు అటవీ సిబ్బందిని అడిగి, అనుమతి ఉన్నచోట, ఉన్నంత దూరంలో చూడండి. టార్చి, ఫోను వెలుగు, ఫ్లాష్ ఏవీ వద్దు. చిన్నపిల్లలకు దీనికన్నా నమ్మకమైన అవకాశం మన తీరంలోనే ఉంది. విశాఖతో సహా పలుచోట్ల అటవీ శాఖ గుడ్లను సేకరించి, కంచె లోపల పొదిగించి, తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో. అరచేతిలో పట్టేంత తాబేలు తడి ఇసుక మీద ఆగి, అల తగలగానే మళ్లీ కదలడం చూడడానికి ఏ సఫారీ అక్కర్లేదు.

డబ్బు ఇచ్చేముందు అడగవలసినవి

గైడును ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ‘ఈ వారం ఏమి కనిపించింది?’ అని. రోజూ నీటి మీద తిరిగేవాడు చోటుతో సహా చెబుతాడు. అన్నీ కనిపిస్తాయి అనేవాడు ఎక్కడికీ వెళ్లలేదన్నమాట. రెండోది, రేపు ఆటు ఎన్ని గంటలకు అని. పులికాట్ రోడ్డుకు, మంగళాజోడికి ఇది అంత ముఖ్యం కాదు, కోరంగికి, భితర్‌కనికకు మాత్రం సగం ప్రయాణం దీని మీదే ఆధారపడి ఉంటుంది. మూడోది, పిల్లల కొలత లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని. పెద్దల జాకెట్ పిల్లవాడికి వేస్తే నీటిలో పడగానే తల మీదుగా జారిపోతుంది. ఒడ్డునే వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది పనికిరాదు. లేవంటే ఆ పడవ ఎక్కవద్దు, వేరే పడవ దొరుకుతుంది.

పడవకు సాధారణంగా మనిషి లెక్కన కాకుండా పడవ మొత్తానికి తీసుకుంటారు. ఇద్దరు వెళ్తే బరువు, ఆరుగురు కలిస్తే తేలిక. కానీ ఆరుగురిలో ఒకరు ఫోనులో పాటలు పెట్టేవారైతే మిగతా అయిదుగురి డబ్బు వృథా. తోడును కూడా చూసి ఎంచుకోండి.

బీచ్ విషయంలో ఒక్కటే జాగ్రత్త గట్టిగా చెబుతాను. బంగాళాఖాతం ఒడ్డున ప్రశాంతంగా, అలలు విరగకుండా కనిపించే పాయ చాలాసార్లు నీటిని లోపలికి లాగే ప్రవాహం. కొత్తవారు నెమ్మదిగా ఉందని అక్కడే దిగుతారు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక వెనక్కి రండి. ఈత రానివారు తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. లైఫ్‌గార్డులు ఉన్న బీచ్‌లోనే, వారు ఉండే వేళల్లోనే దిగండి.

ఇక తేల్చుకోవలసినది మీ ఇంటిని బట్టి. ఒక్క రోజే ఉండి, పెద్దవాళ్లు వెంట ఉంటే పులికాట్, నేలపట్టు. రెండు మూడు రోజులు ఉండి, పిల్లలు నీటిలో ఆడి తీరాలంటే కోరంగి, తరువాత రుషికొండ. నాలుగు రోజులు ఉంటే పూరీలో దిగి ఒక పూట సాతపడ, ఒక రాత్రి మంగళాజోడి దగ్గర. మొసలి మీద మనసుంటే, పిల్లలు పెద్దవాళ్లైతే భితర్‌కనిక. చిలికా, భితర్‌కనిక రెండూ ఒకే నాలుగు రోజుల్లో ఇరికించాలని చూడకండి. బుక్ చేసేముందు పంచాంగం తీసి చూడండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఆటుపోట్లు బలంగా ఉంటాయి, ఆటుకు బురద గట్లు ఎక్కువ బయటపడతాయి. కోరంగికి, భితర్‌కనికకు వెళ్లేవారు ఆ రోజుల్లో తెల్లవారుజామున ఆటు పడే తేదీ ఏదో పడవవాళ్లను అడిగి, దానికి తగ్గట్టు రైలు టికెట్ తీసుకోండి.